మిత్తి లెక్క

నవంబరు ఆఖరి వారం వచ్చిందంటే మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చౌరస్తాల్లో కరెంటు స్తంభాలకు రెండు రకాల ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. ఒకటి అయ్యప్ప స్వాముల పడిపూజవి, రెండోది సెమీ క్రిస్మస్‌వి. యువజనుల సెమీ క్రిస్మస్, స్త్రీల మైత్రి సెమీ క్రిస్మస్, ఆదివారం బడి పిల్లల సెమీ క్రిస్మస్, ఉద్యోగుల సెమీ క్రిస్మస్, నాయకుడెవరైనా ముందుకొస్తే ఆయన పేరు మీద ఇంకోటి. ఇరవై అయిదో తారీఖు వచ్చేసరికి కేకు మొహం చూడబుద్ధి కాదు. అసలు పండుగ నాడు అందరం అలసిపోయి, గొంతులు పోయి గుడిలో కూర్చుంటాం.

ఎవరినో ఎత్తిపొడవడానికి ఈ మాట అనడం లేదు. సిరిసిల్లలో మా సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శిని నేనే. ఆ ఫ్లెక్సీల మీద కింది వరుసలో చేతులు జోడించి నవ్వుతున్న ఫోటోల్లో నాదీ ఒకటి.

సంఘ పంచాంగంలో సెమీ క్రిస్మస్ లేదు. ఉన్నది ఆగమన కాలం. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో మొదలై, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. బలిపీఠం మీద ఊదారంగు గుడ్డ పరుస్తారు. ఈస్టరుకు ముందటి శ్రమల దినాల్లో పరిచేదీ ఆ రంగు గుడ్డే. మొదట్లో ఇది సంబరాల కాలం కానే కాదు. ఫ్రాన్సులో మాకోన్ అనే ఊళ్లో 6వ శతాబ్దంలో కూడిన బిషప్పుల సభ, నవంబరు 11న వచ్చే మార్టిన్ భక్తుని పండుగ నుంచి క్రిస్మస్ దాకా సోమ, బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండాలని కట్టడి చేసింది. కొవ్వొత్తుల చక్రం మాత్రం చాలా తర్వాతిది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో దిక్కులేని పిల్లలకు ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే పాస్టరు, పండుగ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ సతాయిస్తుంటే, ఒక బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చి రోజుకొకటి వెలిగించాడట. మా గుడిలోకి ఆ చక్రాన్ని హైదరాబాదు నుంచి నేనే తెప్పించిన. ప్లాస్టిక్ ఆకులది. దాని బిల్లు సంఘం లెక్కల్లో రాసిన తీరు గుర్తుంది గానీ, ఆ నాలుగు కొవ్వొత్తులు వెలిగిన ఏ ఆదివారం నాడూ నా మనసులో ఏముండేదో గుర్తు లేదు. బహుశా క్యారల్స్‌కు జీపు ఎవరిస్తారన్న చింత ఉండేదేమో.

మా బాపు కాలంలో ఇట్లా లేదు. ఆయన జగిత్యాలలో మిషన్ బడి పంతులు. వెస్లియన్ మిషనరీలు కట్టించిన హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు తాను చిన్న పిల్లవాడినని చెప్పేవాడు. ఆగమన కాలం మొదటి ఆదివారం గుడి విడవగానే ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. అంగీ జేబులో చీటీ పెట్టుకొని ఖిలా దిక్కు బజారుకు పోయేవాడు. కిరాణా కొట్టు సేటు, అంగీలు కుట్టే దర్జీ, పాలు పోసే అవ్వ, సైకిలు బాగుచేసే తురకాయన, ఇట్లా ఒక్కొక్కరి దగ్గర ఆగి, ఖాతా చూపించమని, ఉన్నంత కట్టి, మిగిలినది క్రిస్మస్‌లోపు ఎప్పుడు కడతాడో చెప్పి వచ్చేవాడు. ఆ నెలంతా మాకు గట్క, పచ్చిపులుసే. పండుగకు ఇంటికి వెల్ల వేసుడు, కొత్త బట్టలు అన్నీ ఆ బాకీలు తీరినంక మిగిలితేనే. నాకు సిగ్గయ్యేది. పక్కింటి పిల్లలకు డిసెంబరు రాగానే కొత్త చెప్పులు వచ్చేవి, మాకేమో బాపు జేబులో కొట్టేసిన చీటీ మిగిలేది.

మెదక్ పెద్దగుడి ముచ్చట ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర ఆ గుడిని కరువు కాలంలో కట్టించాడు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఊళ్ల నుంచి నడిచి వచ్చిన ఆకలిగొన్న జనానికి ఊరికే గంజి పోయకుండా, పని చూపించి, చేసిన పనికి తిండి ముట్టజెప్పాడు. బాపుకు ఆ గుడి గోపురం ఎత్తు కంటే ఆ కూలి లెక్క మీద గౌరవం ఎక్కువ. నేను మాత్రం పిల్లలను తీసుకొని మెదక్ పోయిన ప్రతిసారీ గోపురం ముందర ఫోటో దిగి వచ్చిన.

ఇక నా సంగతి.

మా చెల్లెను కోరుట్లలో ఇచ్చినం. బావ మేస్త్రీ పని చేసేవాడు. 2009లో దుబాయ్ పోయిండు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని గల్లీ వెతికినా దొరకదు. వీసాకు, టికెట్టుకు, ఏజెంటుకు కలిపి లక్షా ఇరవై వేలు అప్పు తెచ్చిండు, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. అప్పట్లో చెల్లెకు బ్యాంకు ఖాతా లేదు. నేను సర్కారు టీచరును, నాకు ఖాతా ఉంది, పైగా అన్నను. బావ సోనాపూర్ క్యాంపులో ఉండి, ఓవర్‌టైం చేసి, నెల నెలా నా ఖాతాకు పంపేవాడు. నేను షావుకారికి కట్టాలి. అదీ ఒప్పందం.

మొదటి నలభై వేలు కట్టిన. ఆ తర్వాత సిరిసిల్లలో మా ఇంటికి స్లాబు పడే వేళ వచ్చింది. సిమెంటు, సలాక, సెంట్రింగు, మేస్త్రీలు. బ్యాంకులో బావ పైసలు కనబడుతున్నాయి. ఒక్క నెల వాడుకుందాం, జీతం రాగానే కడదాం అనుకున్న. ఒక నెల పోయింది, రెండు నెలలు పోయినయ్. బావ పంపుతూనే ఉన్నడు, నేను వాడుకుంటూనే ఉన్న. ఎనభై వేలు అట్లా నా నెత్తి మీద కప్పు అయ్యింది. బావ ఫోన్‌ల అడిగితే "అయిపోయింది బావా, అంతా కట్టిన" అన్న. చెల్లె అడిగితే "కొంత ఆగిందమ్మా, వచ్చే నెల కడత" అన్న. ఇద్దరికీ రెండు అబద్ధాలు. అవి ఒకదానితో ఒకటి కలుస్తాయేమోనని కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. కలవలేదు. ఎందుకంటే చెల్లె భర్తకు చెప్పలేదు. దూరదేశంలో ఎండలో పనిచేసే మనిషి, ఈ మాట వింటే బావబామ్మర్దులకు పడదు, ఆయనకు అన్నం సహించదు అని నోరు మూసుకుంది. షావుకారు నెల నెలా వచ్చి గద్దె మీద కూర్చుంటే ఎనభై వేలకు రెండు వేల నాలుగు వందల మిత్తి తానే కట్టింది. ఎట్లా కట్టింది? బీడీలు చుట్టి. బీడీల కూలి చాలని నెలల్లో చెవుల కమ్మలు కుదువ పెట్టి.

2013 నడుమ బావ సెలవు మీద వచ్చినప్పుడు షావుకారు బజార్ల ఎదురుపడి అంతా చెప్పిండు. ఆ రోజు కోరుట్లలో జరిగిన గొడవ రాయబుద్ధి కావట్లేదు. నేను చిట్టీ ఎత్తి అసలు ఎనభై వేలు షావుకారి చేతిలో పెట్టి, కాగితం చింపించి, బాధ్యత తీరిందన్నట్టు బస్సెక్కిన. మిత్తి గురించి నేను ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. ఆ క్రిస్మస్‌కు చెల్లె మా ఇంటికి రాలేదు. తర్వాతి క్రిస్మస్‌కు కూడా రాలేదు. మా ఆవిడ అడిగితే "దానికి పొగరు" అన్న. ఈ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుత.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్న. పైసలు వాడుకున్నది తప్పే, కానీ దానికంటే లోతుగా నన్ను మోసం చేసింది ఆ తర్వాతి నా భక్తి.

2018లో ఎవరో ఇచ్చిన పుస్తకం చదివి, ఈ ఏడు ఆగమన కాలాన్ని నిజంగా ఆచరించాలని కూర్చున్న. మొదటి ఆదివారం డిసెంబరు 2న పడ్డది. ఆ శుక్రవారం, 7వ తారీఖున, అసెంబ్లీ ఎన్నికల పోలింగు. నాకు డ్యూటీ పడ్డది. పోలింగు బూతులో కూడా ఉపవాసం విడవలేదు. తెల్లవారుజామున లేచి, దీపం పెట్టుకొని, మోకాళ్ల మీద ఉండి, వాక్యం చదివి, ప్రార్థన. కన్నీళ్లు కూడా వచ్చేవి. సిరిసిల్లలో ఆ వేళకు చుట్టూ సాంచెల (మరమగ్గాల) చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. రాత్రి షిఫ్టు కార్మికులు బీములు మార్చుకుంటుంటారు, నేను నా హృదయాన్ని పరీక్షించుకుంటుంటి. నా గర్వాన్ని, నా కోపాన్ని, నా నోటి దురుసుతనాన్ని, ఇట్లా పేరుపేరునా ఒప్పుకున్న. ఆ జాబితాలో డెబ్బై వేల పైచిలుకు రూపాయలు లేవు. నాకు అడ్డం రాని పాపాలనే ఏరుకొని ఒప్పుకున్ననని అప్పుడు తెలియలేదు.

ఆ ఉపవాసాల ఫలంగా నాకు చెల్లె గుర్తొచ్చింది. పోలింగు మర్నాడు రెండో శనివారం. ఒక చీర కొని, కేకు డబ్బా పట్టుకొని, వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్ల బస్సెక్కిన. క్షమాపణ అడగాలి, సమాధానపడాలి, అప్పుడు గానీ నా హృదయం పండుగకు సిద్ధం కాదని.

చెల్లె వాకిట్లో గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. రాత్రి నానబెట్టిన తునికాకు తడిగుడ్డలో మూటగట్టి పక్కన ఉంది. ఒక ఆకు తీసింది, రేకు ముక్క దాని మీద పెట్టి, కత్తెరతో నాలుగు దిక్కులా కత్తిరించింది. చిటికెడు తంబాకు పొడవునా పరిచి, రెండు బొటనవేళ్లతో దొర్లించి, మూతి గోటితో లోపలికి మడిచి, దారం రెండు చుట్లు చుట్టి తెంపింది. నేను వచ్చి నిలబడ్డది చూసింది. "రా అన్నా, కూసో" అంది గానీ చెయ్యి ఆగలేదు. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పిన. కండ్ల నీళ్లు పెట్టుకున్న. నాది తప్పయింది, నన్ను క్షమించు, పండుగకు ఇంటికి రా అన్న. ఆమె వింటూనే మూడో నాలుగో బీడీలు చుట్టింది. వాటిలో ఒకటి వదులుగా వచ్చినట్టుంది, విప్పి మళ్లీ చుట్టింది. కార్ఖానాలో ఛాట్ తీస్తరు, వదులు బీడీ పోతే కూలి పోతది. "సరే అన్నా, నా మనసుల ఏం లేదు" అంది. లేచి చాయ పెట్టింది. చీర తీసుకుంది. నేను ప్రార్థన చేసిన, ఆమేన్ అంది.

తిరిగి వచ్చే బస్సులో నా అంత తేలికైన మనిషి లేడు. రుద్రంగి దాటేసరికి మర్నాటి ఆరాధనలో సాక్ష్యం చెబితే ఎట్లుంటుందా అని వాక్యాలు కూడా కూర్చుకున్న.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్తే, ఆమె అన్నం వడ్డిస్తూ "మిత్తి సంగతి అడిగిందా?" అంది.

"లేదు."

"నువ్వు ఎత్తినవా?"

నేను పప్పు కలుపుకుంటూ ఊరుకున్న. ఆమె పైకి చూసింది. పైన స్లాబు ఉంది. ఇంకేం అనలేదు.

మర్నాడు ఆగమన కాలం రెండో ఆదివారం. సాక్ష్యం చెప్పలేదు. అయ్యగారు లూకా సువార్త మూడో అధ్యాయం తీశారు. బాప్తిస్మమిచ్చే యోహాను యొర్దాను ఒడ్డున అరుస్తుంటాడు, జనం భయపడి, మేమిప్పుడు ఏం చేయాలి అని అడుగుతారు. ఆ వాక్యం నేను ఎన్నోసార్లు విన్న, ఆదివారం బడిలో పిల్లలకు చెప్పిన కూడా. అయ్యగారు ఆ రోజు దాన్ని మా ఊరి దిక్కు తిప్పారు. ఏం చేయాలని జనం అడిగితే యోహాను ఉపవాసం ఉండమన్నాడా, రాత్రంతా ప్రార్థన చేయమన్నాడా అని అడిగారు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటియ్యాలె. పన్ను వసూలు చేసేటోడు ఉన్నదానికంటే ఎక్కువ గుంజొద్దు. సిపాయి జనాన్ని బెదిరించి సొమ్ము లాక్కోవద్దు, తన జీతంతో సరిపెట్టుకోవాలె. బట్ట, పైస, కూలి. మెస్సీయ రాకకు దారి సరాళం చేసేటోడు చెప్పిన మాటలు ఇవే. "సిరిసిల్ల వాళ్లకు ఈ అధ్యాయం ఇంకెవరూ అరటిపండు ఒలిచినట్టు చెప్పక్కరలేదు" అన్నారు. బతుకమ్మ చీరల ఆర్డరు 2017లో మొదలైన నాటి నుంచి మా ఊర్లో సాంచెలు ఎడతెగకుండా నడిచిన రోజులు ఉన్నయ్, అయినా కూలి ఆలస్యమైతే ఇంట్లో పొయ్యి ఎట్లుంటదో ఆ గుడిలో కూర్చున్న సగం మందికి తెలుసు. ముందు వరుసలో కూర్చున్న, సాంచెలు నడిపించే ఇద్దరు ఆసాములు తలలు దించుకున్నరు. వాళ్లను చూసి నాకు కొద్దిగా సంతోషం కూడా కలిగింది, అది దాచను. తర్వాత యోహాను నా దిక్కు తిరిగిండు.

పన్ను వసూలుదారుని ముక్క దగ్గర ఆగిపోయిన. ఆ మనిషి ఏడ్చాడా, పశ్చాత్తాపపడ్డాడా అని లూకా రాయలేదు. ఎంత తీసుకోవాలో అంతే తీసుకోమన్నాడని మాత్రం రాశాడు. అదే లూకా పందొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య అనే పన్ను వసూలుదారుడు కూడా యేసు ముందర నిలబడి తన దుఃఖం గురించి మాట్లాడలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానని లెక్క చెప్పిండు. నేను మోకాళ్ల మీద ఉండి సంపాదించుకున్న ప్రశాంతత అంతా ఆ బెంచీ మీద కూర్చున్న కాసేపట్లో కరిగిపోయింది. చెల్లె దగ్గరికి నేను చీర, కేకు, కన్నీళ్లు తీసుకొని పోయిన. తీసుకపోవాల్సింది మాత్రం ఇంట్లో పెట్టి పోయిన. క్షమించానన్న మాట ఆమె నోటి నుంచి రాబట్టుకొని, దాంతో నా పండుగ ఖర్చు తీర్చుకోజూసిన.

మరునాడు బడిలో జీపీఎఫ్ లోనుకు దరఖాస్తు రాసిన. అది ట్రెజరీ దాటి చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో సర్కారు నౌకరీ చేసేటోళ్లకు చెప్పనక్కర లేదు. ఇంట్లో ఉన్న ఇరవై వేలు తీసుకొని, ఒక కాగితం మీద ఎనభై వేలు, నూటికి మూడు, ముప్పై నెలలు, మొత్తం డెబ్బై రెండు వేలు అని రాసుకొని, మూడో ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కోరుట్ల పోయిన. ఈసారి కేకు లేదు. ప్రార్థన చేస్తానని కూడా అనలేదు.

కాగితం, పైసలు చాట పక్కన పెట్టిన. ఆమె బీడీలు పక్కకు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, కాగితం రెండుసార్లు చదివింది. లోపలికి పోయి ఒక పాత నోటుబుక్కు తెచ్చింది. కంపెనీ వాళ్లకు ఇచ్చిన బీడీల లెక్క రాసుకున్న బుక్కు. వెనక పేజీల నుంచి తిప్పితే, నెల పేరు, పక్కన 2400. మళ్లీ నెల పేరు, 2400. ఒకచోట 1400 రాసి, కింద ఇంకో సిరాతో 1000 రాసింది. ఆ నెలలో ఏం తక్కువైందో నేను అడగలేదు. వేలు పెట్టి లెక్కబెట్టుకుంటూ పోయి, "నీ లెక్కల ఒక నెల తక్కువున్నది అన్నా" అంది. నిజమే. ముప్పై ఒకటి. డెబ్బై నాలుగు వేల నాలుగు వందలు. కాగితం మీద నేను దిద్దుకున్న.

"మొన్న వచ్చినప్పుడు అడిగితే అయిపోవు గదా" అన్న.

"అసలు ముట్టింది, మిత్తి ముట్టలే అని నాకు ఎరుకనే. అడిగి తీస్కునుడైతే షావుకారుకు నాకు ఫరకేంది?" అంది.

ఆ ఇరవై వేలు లెక్కబెట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. మిగిలినది ఫిబ్రవరిలో లోను వచ్చినంక కట్టిన. ఆ నోటుబుక్కులో ముట్టినట్టు సంతకం పెట్టమని నాకు ఇచ్చింది. పుచ్చుకున్నది ఆమె, సంతకం నాది. తప్పు అని ఇద్దరికీ అప్పుడు తోచలేదు.

బావకు ఫోన్ చేసిన. ఆయన ఇంకా దుబాయ్‌లోనే ఉన్నడు. అప్పట్లో అక్కడ శుక్రవారం సెలవు, కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. క్యాంపు బండి దొరికిన వారం ఊద్ మేథాలో హోలీ ట్రినిటీ చర్చికి పోయేవాడు. ఆ ఆవరణలో ఎన్ని భాషల వాళ్లు వంతుల వారీగా ఆరాధన చేసుకుంటారో చెప్పి ఆశ్చర్యపోయేవాడు. మిత్తి కట్టిన సంగతి చెప్పి, నీకూ ఏమన్నా ఇయ్యాల్నా బావా అని అడిగిన. ఆయన కోపం చేయలేదు. "పైసలు దానివే, అది బీడీలు చుట్టి కట్టింది, దానికిచ్చినవ్ మంచిది" అన్నాడు. కాసేపాగి, 2013లో తాను వచ్చింది సెలవుకు కాదని, ఉండిపోదామనే వచ్చాడని చెప్పిండు. కోరుట్లలో బస్టాండు దిక్కు ఒక షట్టరు చూసి పెట్టుకున్నడట, సిమెంటు ఇటుకల షాపు పెట్టాలని. మాట కూడా అయిందట. ఇంటికి వచ్చినంక చెల్లె దగ్గర ఒక్క రూపాయి లేదని, కమ్మలు కుదువలో ఉన్నయని తెలిసింది. షట్టరు వదులుకొని మళ్లీ రెండేళ్ల కాంట్రాక్టు మీద పోయిండు. ఆ రెండేళ్లు ఇంకో రెండేళ్లయినయ్. 2009లో మొదటిసారి పోయేటప్పుడు అంగన్‌వాడీకి పోతున్న పెద్దబిడ్డ అప్పటికి పది పరీక్షలు రాస్తోంది. "నాకియ్యాల్సింది అప్పుడియ్యాల్సింది బావా, ఇప్పుడేం ఇస్తవ్" అన్నాడు. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పిండు.

దీనికి జీపీఎఫ్ లోను రాదు.

అప్పటి నుంచి ఆగమన కాలం మొదటి ఆదివారం నాడు నేను కూడా చీటీ రాసుకుంటున్న. బాపు చీటీలో కిరాణా కొట్టు ఉండేది, నా చీటీలో వేరేవి ఉంటున్నయ్. సర్కారు క్రిస్మస్ కానుకల టోకెన్లు మా సంఘానికి వచ్చినప్పుడు పేదలకని ఇచ్చినవి రెండు మా పెద్దమ్మ ఇంటికి పంపిన, ఆమెకు మూడంతస్తుల ఇల్లుంది. ఆ ఏడు టోకెన్ దొరకని వితంతువు ఎవరో నాకు తెలుసు. ఆమెకు చీర నా పైసలతో ఇచ్చిన, ఎందుకిస్తున్ననో కూడా చెప్పిన. చెప్పుడు ఇచ్చుడు కంటే కష్టమైంది. క్యారల్స్ నాడు అర్ధరాత్రి మైకు పెట్టి నిద్ర చెడగొట్టిన ఇళ్లకు పోయి క్షమాపణ అడిగిన. ఒకాయన నవ్విండు, ఇంకొకాయన తిట్టిండు. ఉపవాసం మానలేదు, ఉంటున్న. దానివల్ల ఆకలి తెలుస్తుంది, అది మంచిదే. కాకపోతే ఉపవాసం చేసిన రోజు బాకీ తీరినట్టు లెక్క రాసుకోవడం మానేసిన.

చెల్లె ఇప్పటికీ క్రిస్మస్‌కు మా ఇంటికి రాదు. పెండ్లిళ్లకు వస్తుంది, పలకరిస్తుంది, మా ఆవిడతో కలిసి నవ్వుతుంది. పండుగ నాడు తన ఇంట్లో తాను ఉంటుంది. రమ్మని ఒత్తిడి చేయను, ఆమెకు ఆ హక్కు ఉంది.

ఇది చదువుతున్నవాళ్లలో సంఘ పెద్దలు, కార్యదర్శులు, స్టేజీ మీద ప్రార్థన చేసేవాళ్లు ఉంటారు. చెల్లెళ్ల పైసలు, కూలివాళ్ల పైసలు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు నమ్మి పంపిన పైసలు చేతిలో ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లు అడగరు. మీరే అసలు, మిత్తి రెండూ కట్టుకొని, ఒక నెల ఎక్కువే కలుపుకొని, నాలుగో ఆదివారం దాకా ఆగకుండా పోయి ఇచ్చిరండి.